వాగు తెల్లగా పారిన రోజు

చీమలవాగు రిజర్వాయరు కట్టమీద పోయినవారం కథ ఆపినప్పుడు ఇద్దరిని నిలబెట్టి వచ్చాం. ఒకరు నరసరావుపేట కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఇందిర. ఏడాదిగా ఆ రిజర్వాయరు నీళ్ళూ అడుగుమట్టీ పట్టుకుపోయి పరీక్షలు చేయిస్తున్న మనిషి. రెండోవాడు ఇరవై రెండేళ్ళుగా ఆ తూముకు కాపలా ఉన్న లస్కరు పెదకోటయ్య. అడుగుమట్టిలో సీసం మోతాదు మించి ఉందని కాగితం చేతికొచ్చిన మర్నాడే ఇందిర మొదటి బస్సుకు బయల్దేరి వచ్చింది. వచ్చేసరికి కట్ట కింద కరువు పని మొదలైపోయి, అదే మట్టి బండ్లకెక్కుతోంది.

ఇద్దరూ కట్ట దిగారు.

ఎనభై ఏడు నాటి వేసవి అది. పల్నాడులో ఆ ప్రాంతానికి వరసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. రిజర్వాయరు మొత్తానికి తూము దగ్గర మోకాలిలోతు మడుగు ఒక్కటే మిగిలింది. తక్కినదంతా నెర్రెలు విచ్చిన నేల. నూటయాభై మంది ఆడా మగా పారలతో, తట్టలతో దానిమీద పరుచుకుని ఉన్నారు. పన్నెండు ఎడ్లబండ్లూ రెండు ట్రాక్టర్లూ వరసలో ఆగి ఉన్నాయి. తవ్విపోస్తున్న మట్టి బూడిదరంగులో, రాయీ రప్పా లేకుండా, జల్లెడ పట్టిన పిండిలాగా ఉంది. అలాంటి మట్టి కనపడితే ఏ రైతుకైనా తన చేను గుర్తుకొస్తుంది.

రెండుసార్లు సర్పంచిగా చేసి దిగిపోయినా ఊళ్ళో ఇంకా మాట చెల్లుతున్న రాఘవయ్య తాటాకు పందిరి కింద కుర్చీలో ఉన్నాడు. ఇందిరను చూసి పక్క కుర్చీ మీది తువ్వాలు తీశాడు.

"రా అమ్మా, కూర్చో. సీసాలు నింపుకోటానికి నీళ్ళు కూడా లేవుగదా ఇప్పుడు, ఏందిట్టా వచ్చావు?"

ఇందిర కూర్చోలేదు.

"ఈ పని ఆపించాలి రాఘవయ్యగారూ. ఈ మట్టి పొలాలకు తోలగూడదు."

"ఎందుకని?"

దారిలో పెదకోటయ్యకు చెప్పినదే ఆమె మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. నీళ్ళలో దోషం లేదు. సీసం బరువైంది, నీళ్ళలో నిలవదు, బంకమట్టిని పట్టుకుని అడుక్కి చేరుతుంది. చేరాక ఎటూ పోదు. కుళ్ళదు, కాలదు, ఎండకు ఆవిరి కాదు. ఎక్కడ పోస్తే అక్కడే ఉంటుంది. చేలో పోస్తే ఆకుకూరల్లోకి కొంత, గడ్డిమీద దుమ్ముగా గొడ్లలోకి కొంత, చేతుల మీదుగా పిల్లల నోట్లోకి కొంత పోతుంది. పెద్దవాళ్ళకు కడుపులో నొప్పి, మణికట్టు పట్టు తప్పటం. పిల్లలకైతే అంతకన్నా పెద్ద చేటు, బుర్రకే ఎక్కుతుంది.

రాఘవయ్య అడ్డు చెప్పకుండా విన్నాడు. విన్న తర్వాత పందిరి బయటకు చెయ్యి చూపించాడు.

"ఇంతమందిని చూశావుగా. పంట కళ్ళజూసి మూడేళ్ళయింది. ఈ పని లేకపోతే వీళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు. ఇప్పుడు నేను పోయి, మట్టిలో కంటికి కనపడనిదేదో ఉందంట, పస్తుండండి అని చెప్పాలా?"

ఇందిర పారలు పట్టుకున్నవాళ్ళ వైపు చూసింది. పెదకోటయ్య ఆమె వెనక రెండడుగుల దూరంలో, కర్రమీద బరువు మోపి నిలబడి ఉన్నాడు. తాను ఈ మాటల్లోకి రాకుండా ఈ పూట గడిచిపోతుందనే అప్పటికి ఆయన నమ్మకం.

కట్టమీద జీపు ఆగింది.

అది నల్లకొండ సీసపు గని జీపు. నడుపుతున్నవాడు అంకమ్మరావు, పెదకోటయ్య అల్లుడు. మామను చూసి తల ఆడించాడే గాని దిగి రాలేదు. దిగినవాడు గోపాలకృష్ణయ్య, గని లాబరేటరీకి పెద్ద. ఎవరిమీదా గొంతు పెంచి ఎరగనివాడని గనిలో పేరు. ఇందిర బస్సు దిగిందని తెలియగానే ఆయనకు కబురు పంపింది రాఘవయ్యే.

"నమస్కారం ఇందిరగారూ. మీ పరీక్షల సంగతి వింటూనే ఉన్నాను. రిపోర్టు నాకూ ఒక కాపీ పంపితే సంతోషించేవాణ్ణి" అన్నాడు. తర్వాత పెదకోటయ్య వైపు తిరిగి, "మడుగులోంచి ఒక చెంబు నీళ్ళు తీసుకురా కోటయ్యా" అన్నాడు.

పెదకోటయ్య తెచ్చాడు. గోపాలకృష్ణయ్య చెంబు ఎత్తి, నూటయాభై మంది చూస్తుండగా, గుక్క తిప్పుకోకుండా మొత్తం తాగాడు. జేబురుమాలుతో పెదవులు ఒత్తుకున్నాడు. పారలు ఆగాయి. ముందువరసలో ఉన్న ఒకామె, "ఆ అయ్యే తాగినాక ఇంకేందమ్మా నీ అనుమానం" అంది. నలుగురు నవ్వారు.

"నీళ్ళు మంచివేనని నేనూ చెబుతున్నాను. మీరు తాగినవి మంచినీళ్ళే" అంది ఇందిర. "నేను మాట్లాడేది మట్టి గురించి."

"ఆ కొండలో సీసం ఉంది కాబట్టే అక్కడ గని పెట్టారమ్మా. కొండలో ఉన్నది వాగులోకి కొట్టుకురాదా? మీ తాతలనాటి నుంచీ వస్తూనే ఉంది. ఈ చుట్టుపక్కల ఏ మట్టి తీసినా అంతో ఇంతో ఉంటుంది. దానికి గనిని అంటే ఎట్లా?" అన్నాడు గోపాలకృష్ణయ్య.

రాఘవయ్య తల ఊపాడు. మాట సబబుగానే ఉందని అందరికీ అనిపించింది, పెదకోటయ్యకు కూడా.

ఇందిర కాగితం మడత విప్పింది. "తాతలనాటి నుంచీ వస్తే పైనా కిందా ఒకటే ఉండాలి. నేను ఇనుపగొట్టం దిగగొట్టి, పొర పొరా విడదీసి పరీక్ష చేయించాను. పైన జానెడు మందాన కిలో మట్టికి పద్నాలుగు వందల మిల్లీగ్రాములు. ఆ జానెడు దాటి కిందికి పోతే ముప్ఫై. అయిదు చోట్ల తీశాను, అయిదు చోట్లా ఇదే వరస. వాగు వచ్చి కలిసే చోటయితే ఇంకా ఎక్కువ. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా చేరింది కాదండీ ఇది. ఒక్కసారిగా వచ్చి పడింది."

"ఎప్పుడు పడింది?"

ఆమె కాగితంలోకి చూసింది. అందులో తేదీ లేదు.

"ఎవరైనా చూశారా? పొర మందం చూసి తేదీ చెప్పలేం కదా" అన్నాడు గోపాలకృష్ణయ్య, క్లాసులో తెలివైన విద్యార్థితో మాట్లాడుతున్నట్టు. "నేను పోయినేడు ఇరిగేషన్ సెక్షనాఫీసుకు పోయి రిజర్వాయరు రిజిస్టర్లు అన్నీ చూశాను. పదేళ్ళవి. ఏ రోజు ఎంత నీరు, ఏ రోజు తూము ఎత్తారు, అన్నీ ఉన్నాయి. వాగులో తేడా వచ్చినట్టు ఒక్క ముక్క లేదు. రాసిన మనిషి మీ వెనకే ఉన్నాడు. అడగండి."

అందరూ పెదకోటయ్య వైపు చూశారు.

*

రుధిరోద్గారి నామ సంవత్సరం, అంటే ఎనభై మూడు, దీపావళి వెళ్ళిన అయిదో రోజు. మూడురోజులు ముసురు పట్టి, ఆ తెల్లారి తెరిపి ఇచ్చింది. పెదకోటయ్య నీటి ఎత్తు చూపే గేజీ చూడటానికి కట్ట ఎక్కేసరికి వాగు తెల్లగా వస్తోంది. ఎర్రగా వచ్చే వాగు అది. వరద వాగంటే ఎరుపే. ఆ రోజు మాత్రం సున్నం కలిపిన నీళ్ళలాగా, అంచునుంచి అంచుదాకా తెల్లగా, నురగ లేకుండా వచ్చింది. పీతలు నీళ్ళలోంచి లేచి రాళ్ళమీదికి పాకాయి. మధ్యాహ్నానికి చేపలు తేలాయి.

ఆయన వాగు వెంట రెండు కోసులు ఎగువకు నడిచాడు. ఖనిజం తీసుకున్నాక మిగిలిన పిప్పిబురదను గనివాళ్ళు ఒక మడుగులో నిలవబెట్టి చుట్టూ కట్ట పోశారు. ఆ కట్ట నాలుగు బండ్ల వెడల్పున తెగిపోయి ఉంది. తిరిగొచ్చి రిజిస్టరులో, నీటి ఎత్తు రాసే గడి చాలక పక్క గడిలోకి కూడా రాశాడు: 'వాగు నీరు తెల్లగా వచ్చినది. గని కట్ట తెగినది. చేపలు చచ్చినవి.'

మూడోరోజున సూపర్‌వైజరు వచ్చాడు. వెంట గనివాళ్ళు ఇద్దరు. "కోటయ్యా, నీళ్ళ ఎత్తు రాయమన్నారు గాని నిన్ను నీళ్ళ రంగు రాయమన్నారా?" అన్నాడు సూపర్‌వైజరు. కోప్పడలేదు. రిజిస్టరు పెదకోటయ్య చేతికే ఇచ్చాడు. ఆయన ఆ కాగితం చింపి ఇచ్చాడు.

నెల తిరక్కుండా అంకమ్మరావుకు గనిలో డ్రైవరు ఉద్యోగం వచ్చింది. ఒకదానికొకటి అని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన చూస్తూనే ఉన్నాడు. వాగు కలిసే చోట నత్తలు లేకుండా పోయాయి. నత్తల కోసం ఏటా వచ్చి వాలే పెద్దకొంగలు ఒక ఏడు వాలి, రెండురోజులు అటూ ఇటూ తిరిగి లేచిపోయాయి. మళ్ళీ రాలేదు. ఆ పక్క మేసిన చూడి గేదెలు రెండు ఈసుకుపోయాయి. ఇవేవీ ఆయన రిజిస్టరులో రాయలేదు. నీళ్ళ ఎత్తు రాశాడు.

*

"ఏరా కోటయ్యా, అడుగుతున్నారుగా" అన్నాడు రాఘవయ్య.

కట్టమీద జీపు పక్కన నిలబడ్డ అంకమ్మరావు తల అడ్డంగా కొద్దిగా కదిలించాడు. వద్దని. పెదకోటయ్యకు అది స్పష్టంగా కనపడింది.

"రిజిస్టర్లో లేదయ్యా" అన్నాడు.

గోపాలకృష్ణయ్య ఇందిర వైపు చూశాడు. ఆమె కాగితం మడత పెట్టబోయింది.

"రాశా. తర్వాత చింపా" అన్నాడు పెదకోటయ్య.

మొదలుపెట్టాక ఇక ఆపలేదు. ముసురు సంగతి, తెల్లటి వాగు, తేలిన చేపలు, తెగిన కట్ట, సూపర్‌వైజరు అన్న మాట, అన్నీ వరసగా, గేజీ చదివినట్టు చెప్పాడు. అల్లుడి ఉద్యోగం సంగతి కూడా దాచలేదు. అది చెప్పేటప్పుడు మాత్రం కట్టవైపు చూడలేదు.

"ఎవరు చింపమన్నారు?" అన్నాడు గోపాలకృష్ణయ్య.

"చెప్పింది అప్పటి సూపర్‌వైజరు. చింపింది నేనేనండీ."

"నీ మాట తప్ప దానికి సాక్ష్యం ఏముంది?"

"రిజిస్టరుకి పేజీకొక అచ్చు నంబరు ఉంటదండీ. ఆ ఏడాది పుస్తకంలో నలభై ఆరు తర్వాత నలభై తొమ్మిది ఉంటది. మీరు రాసింది చదివుంటారు. నంబర్లు చూసుండరు."

గోపాలకృష్ణయ్య ముఖంలో పెదకోటయ్య అనుకున్న కోపం రాలేదు. లెక్క ఎక్కడో తప్పిందని తెలిసినవాడిలాగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను ఇక్కడికి వచ్చి రెండేళ్ళు" అన్నాడు చివరికి, ఇందిరకు మాత్రమే వినపడేటంత మెల్లగా. పక్కనే ఉన్న పెదకోటయ్యకూ వినపడింది. "ఆ కట్టకు ఎనభై మూడులో మరమ్మతు చేశారని మా ఫైల్లో ఉంది. ఎందుకు చేశారో లేదు. నేనూ అడగలేదు." ఆమె కాగితం వైపు చూసి, "జానెడు అన్నారు కదూ?" అన్నాడు.

"జానెడు. వాగు కలిసేచోట మూరెడు."

ఆయన వంగి, బూడిదరంగు మట్టి చిటికెడు తీసి వేళ్ళమధ్య నలిపి చూశాడు. ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండా కట్ట ఎక్కాడు.

అంకమ్మరావు అప్పటికే కట్ట దిగి మామకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నాలుగేళ్ళు మూసుకున్న నోరు ఇంకో నాలుగేళ్ళు మూసుకుంటే ఏం పోయింది మామా? నా నోట్లో మట్టి కొట్టావు."

అంటూనే తిరిగి కట్ట ఎక్కాడు. జీపు కదిలిపోయింది. దుమ్ము అణిగేదాకా ఎవరూ పార ఎత్తలేదు.

రాఘవయ్య లేచి నిలబడ్డాడు. కరుకైన మనిషే గాని, తెలిసి తెలిసి తప్పు మోసేవాడు కాదు. "నింపిన బండ్లు ఇక్కడే దించెయ్యండి" అన్నాడు. గుంపులో గొణుగుడు లేచింది. "పని ఆగదు. కట్టకి రాయి పేర్చాల్సి ఉంది, రేపట్నుంచి రాళ్ళు మోస్తురుగాని. ఈ మట్టి ఒక్క తట్ట కూడా ఊళ్ళోకి పోగూడదు. ఏమ్మా, ఇప్పుడు సరేనా?"

ఇందిర చేతులు జోడించింది. ఏడాదిగా ఆమె ఎదురుచూసిన మాట అది. కానీ రాఘవయ్య కూర్చోలేదు. మట్టిగుట్ట వైపు చూస్తూ ఏదో గుర్తు చేసుకుంటున్నాడు.

"కోటయ్యా, వాగు తెల్లగా వచ్చింది దీపావళప్పుడు గదా. ఆ మరుసటి వేసవిలో నేను ఈడ్నించి మట్టి తోలించా. గుర్తుందా? మెత్తగా బాగుందని ముప్ఫై ట్రక్కులు."

"గుర్తుందండీ."

"ఏ పొలానికి తోలించారు?" అంది ఇందిర.

"పొలానిక్కాదమ్మా. బాలవాడికి. పల్లంలో ఉండి వానొస్తే పిల్లకాయలు నీళ్ళలో కూర్చునేవాళ్ళు. నేనే దగ్గరుండి మెరక వేయించా. అరుగులు, లోపలి నేల, గోడలు, అన్నీ ఆ మట్టితోనే." తువ్వాలు భుజాన వేసుకుంటూ, "పుణ్యమని వేయించా" అన్నాడు.

*

బాలవాడి ఊరి మొదట్లోనే ఉంది. రెండు గదులు, ముందు వసారా. పద్దెనిమిది మంది పిల్లలు వసారాలో బాసింపట్లు వేసుకుని ఉప్మా తింటున్నారు. పెదకోటయ్య భార్య రత్తమ్మ అక్కడ ఆయా. ముగ్గురు పెద్దవాళ్ళు ఎండనపడి రావటం చూసి నీళ్ళ కుండ దగ్గరకు పోబోయింది. ఇందిర వద్దంది.

నేల నున్నగా అలికి ఉంది. ఇందిర గోడను గోటితో గీసింది. పైన ఎర్రమట్టి పూత రాలి, లోపల బూడిదరంగు బయటపడింది. ఆమె మోకాళ్ళమీద కూర్చుని గోడ పొడవునా చూసుకుంటూ పోయింది. నేలనుంచి రెండడుగుల ఎత్తులో ఒకచోట పూత లేదు. అక్కడ గోడలో చిన్నచిన్న గుంటలు ఉన్నాయి. చిటికెనవేలు పట్టేటంతవి, పదో పన్నెండో.

"ఇవేంటి రత్తమ్మగారూ?"

"పిల్లకాయలమ్మా. గోక్కుని తింటారు" అంది రత్తమ్మ. "శుక్రవారం శుక్రవారం అలుకుతా, మళ్ళీ గోకుతారు. వేళ్ళమీద కొట్టా, వేపాకు రసం పూశా. మట్టి రుచి మరిగినోళ్ళు మానతారా?"

"అందరూ తింటారా?"

"అందరూ కాదు. ముగ్గురు."

వసారాలో కూర్చున్నవాళ్ళలో ఇద్దరిని చూపించింది. ఒకడు ఉప్మా ముట్టకుండా పొట్టమీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకున్నాడు. ఇందిర వాడి దగ్గరకు పోయి కనురెప్ప కిందికి లాగి చూసింది. లోపల పాలిపోయి ఉంది. రెండోది ఆడపిల్ల, నిద్రకు తూగుతోంది.

"వీళ్ళను ఈ రోజే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. రక్తం చూడాలి" అంది ఇందిర. రాఘవయ్య అప్పటికే తన ట్రాక్టరు కోసం కేక వేయటానికి వాకిట్లోకి నడిచాడు. "మూడోవాళ్ళెవరు?" అని అడిగింది ఇందిర.

రత్తమ్మ భర్తవైపు చూసింది.

"మన ఝాన్సీ" అంది.

ఝాన్సీ పెదకోటయ్య కూతురు బుజ్జమ్మకు ఒక్కతే పిల్ల. మూడేళ్ళది. పెదకోటయ్య వసారా అంతా కళ్ళతో వెదికాడు.

"ఏదీ?"

"ఇందాకే వాళ్ళ నాయన జీపు ఆపి ఎత్తుకుపోయాడు. లోపల ఆ ఆఫీసరు కూడా కూర్చోనున్నాడు. ఇంటికాడ బుజ్జమ్మని కూడా ఎక్కించుకున్నాడంట, మూటాముల్లే సర్దించి. ఉద్యోగం నిలవాలంటే మనతో పొత్తు ఉండగూడదంట, గని క్వార్టర్సులో ఉంటారంట, ఇంక మన గడప తొక్కరంట. మనల్ని కూడా రావద్దన్నాడు, గేటుకాడ చెప్పి పెడతాడంట. ఏం జరిగింది మీ ఇద్దరికీ?"

పెదకోటయ్య గోడలోని గుంటల వైపు చూస్తూ నిలబడ్డాడు. రత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుని కదిలించింది.

"నేను చెప్పేది విను. పొద్దుట్నుంచి ఆ పిల్ల రెండుసార్లు కక్కింది. ఎత్తుకుంటే నన్ను గుర్తుపట్టలా. అల్లుడు నన్ను నోరు తెరవనియ్యలా, ఆ మాట చెబుదామని జీపు వెంట పరిగెత్తా. ఆగలా."